టైరు గాలి సెన్సార్లు: సర్వీసు చేయడం, మార్చడం, కారుకు మళ్లీ పరిచయం చేయడం

డ్యాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకంతో ఒక పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. వెంటనే పెట్రోలు బంకుకు వెళ్లి నాలుగు చక్రాలకూ గాలి పెట్టిస్తాం. దీపం ఆరిపోతే సరే. ఆరకపోతే ఒకరు సెన్సార్ పోయిందంటారు, ఇంకొకరు నాలుగూ మార్చాల్సిందేనంటారు. ఏ మాట నమ్మాలో తెలియక చాలామంది ఆ దీపాన్ని అలాగే వదిలేసి తిరుగుతుంటారు.

నా కారుకు అయిదేళ్లు నిండినప్పుడు ఎడమవైపు వెనుక చక్రంలో వారానికి మూడు, నాలుగు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున గాలి తగ్గడం మొదలైంది. పంచర్ షాపులో నీళ్ల తొట్టిలో ముంచి చూస్తే టైరులో ఎక్కడా బుడగ రాలేదు. వాల్వు మూతి దగ్గర మాత్రం సన్నగా, ఆగి ఆగి ఒక్కో బుడగ వస్తోంది. వాల్వు పిన్ను, అంటే వాల్వు లోపల గాలిని ఆపి ఉంచే చిన్న భాగం, పాతబడిందని దాన్ని తిప్పబోయారు. అది తిరగలేదు. పటకారుతో కాస్త గట్టిగా తిప్పగానే అల్యూమినియం వాల్వు మొదలంటా విరిగి, గాలంతా ఒక్కసారిగా బయటకు వచ్చేసింది. విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూశాను. మరల నిండా సున్నం లాంటి తెల్లటి పొడి. దాని మధ్య పచ్చగా మెరుస్తూ ఇత్తడి పిన్ను ఇరుక్కుపోయి ఉంది. లోపలి సెన్సార్‌లో బ్యాటరీ నిక్షేపంగా పనిచేస్తోంది. ఎప్పుడో ఎవరో ఒక తప్పు పిన్ను వేసినందుకు మొత్తం సెన్సార్ పోయింది.

అప్పటి నుంచి టైరు విప్పిన ప్రతిసారీ దగ్గరుండి చూస్తున్నాను. అలా చూశాక నాకు అర్థమైంది ఇది: ఈ సెన్సార్లు చాలావరకు వయసైపోయి పోవు. టైరు విప్పేటప్పుడు, ఎక్కించేటప్పుడు, చిన్న చిన్న భాగాలను నిర్లక్ష్యం చేసినప్పుడు పోతాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఎలక్ట్రానిక్స్ కంటే వాల్వు గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు మీ కారులో ఉన్నది ఏ రకమో తేల్చుకోండి

టైరులో గాలి తగ్గిందని చెప్పే వ్యవస్థలు రెండు రకాలు. పరోక్ష పద్ధతిలో చక్రం లోపల ఏమీ ఉండదు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకుల కోసం ఎలాగూ చక్రాల వేగాన్ని కొలుస్తుంటారు. గాలి తగ్గిన టైరు వ్యాసార్ధం కాస్త తగ్గుతుంది కాబట్టి, మిగతా వాటికంటే కొంచెం వేగంగా తిరుగుతుంది. కంప్యూటర్ ఆ తేడాను పట్టుకుని దీపం వెలిగిస్తుంది. టాటా కార్లలో ఐ-టీపీఎంఎస్ అని పిలిచేది ఈ కోవలోదే. ఇందులో మార్చడానికి సెన్సార్ లేదు. గాలి సరిచేసిన తర్వాత, లేదా టైర్లు మార్చిన తర్వాత మెనూలోనో బటన్‌తోనో రీసెట్ చేస్తే చాలు. దీనికో పరిమితి ఉంది. నాలుగు చక్రాల్లోనూ ఒకేలా గాలి తగ్గితే పోల్చుకోవడానికి తేడా దొరకదు. కాబట్టి ఈ కార్లున్న వాళ్లు నెలకోసారైనా గేజితో చూసుకోవాలి.

ప్రత్యక్ష పద్ధతిలో ప్రతి చక్రం లోపల, వాల్వును అంటిపెట్టుకుని ఒక సెన్సార్ ఉంటుంది. తెర మీద ఏ చక్రంలో ఎంత గాలి ఉందో విడివిడిగా అంకెలు కనిపిస్తే అది ఈ రకమే. హ్యుందాయ్ తన కార్లలో దీన్ని హైలైన్ అంటుంది. చక్రం బయటికి లోహపు వాల్వు, దాని మొదట్లో చిన్న నట్టు కనిపించినా లోపల సెన్సార్ ఉన్నట్టే. అయితే రబ్బరు వాల్వు కనిపించినంత మాత్రాన సెన్సార్ లేదనుకోకండి. రబ్బరు వాల్వుకు బిగించే సెన్సార్లు కూడా చాలా కార్లలో ఉంటాయి. ఇక్కడి నుంచి రాసేదంతా ఈ ప్రత్యక్ష పద్ధతి గురించే.

దీపం ఎలా వెలిగిందో చూడండి

స్టార్ట్ చేయగానే దీపం వెలిగి, మినుకుమినుకుమనకుండా నిలకడగా ఉంటే ఏదో టైరులో గాలి తక్కువగా ఉంది. అలా కాకుండా దాదాపు నిమిషం నుంచి నిమిషంన్నర దాకా మినుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలిగితే వ్యవస్థలోనే లోపం ఉంది, అంటే సాధారణంగా ఏదో ఒక సెన్సార్ పలకడం లేదు. అంకెలు చూపించే కార్లలో ఆ చక్రం దగ్గర అంకెకు బదులు గీతలు వస్తాయి. ఈ తేడా తెలిస్తే అనవసరంగా సెన్సార్ మార్చే ఖర్చు తప్పుతుంది.

ఈ దీపానికి ఒక చరిత్ర ఉంది. 1990లలోనూ 2000లోనూ అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాల ఫైర్‌స్టోన్ టైర్లు విడిపోయి ఎన్నో ప్రాణాలు పోయాయి. 2000లోనే అక్కడ ట్రెడ్ చట్టం వచ్చింది. దాని ప్రకారం చేసిన నిబంధన 2007 సెప్టెంబరు నాటికి కొత్త తేలికపాటి వాహనాలన్నింటికీ వర్తించింది. సూచించిన ఒత్తిడి కంటే 25 శాతం తగ్గేసరికి దీపం వెలగాలన్నది ఆ నిబంధనే. మన దేశంలో 2020లో మోటారు వాహనాల నియమాలను సవరించారు. ట్యూబ్‌లెస్ టైర్లు, ఈ హెచ్చరిక వ్యవస్థ, పంచర్ సరిచేసే కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నారు. అంటే స్టెప్నీ లేని కారులో ఈ సెన్సార్ల బాధ్యత ఇంకా పెద్దది.

25 శాతం లెక్క గుర్తుంచుకోండి. 33 పీఎస్ఐ ఉండాల్సిన టైరులో దాదాపు 25కు పడిపోతే గానీ దీపం వెలగకపోవచ్చు. దీపం వెలగలేదు కాబట్టి గాలి సరిగ్గా ఉందనుకోవడం తప్పు.

చలి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. టైరు లోపలి ఉష్ణోగ్రత 6, 7 డిగ్రీలు తగ్గితే ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. మే నెలలో 40 డిగ్రీల వద్ద 33 పెట్టించిన టైరు, చుక్క గాలి కారకపోయినా, డిసెంబరు తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో 10 డిగ్రీల చలిలో 28.5 దగ్గర ఉంటుంది. దానికి నెలల తరబడి సహజంగా తగ్గే గాలి తోడైతే దీపం వెలుగుతుంది. అది సెన్సార్ తప్పు కాదు. డ్రైవరు తలుపు పక్కన అంటించిన పట్టీ మీద రాసిన ఒత్తిడి చల్లని టైరుకు సంబంధించినది. కారు కనీసం మూడు గంటలు ఆగి ఉన్నప్పుడు దాన్ని సరిచూడాలి. హైవే మీద పరుగెత్తి వేడెక్కిన టైరులో అంకె ఎక్కువ కనిపించిందని గాలి తీసేయకండి.

లోపల ఉన్నదేమిటి

అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ డబ్బా అది. బరువు సుమారు 30 నుంచి 40 గ్రాములు. అందులో ఒత్తిడి, ఉష్ణోగ్రత కొలిచే చిప్పు, చక్రం తిరుగుతోందా ఆగి ఉందా పసిగట్టే భాగం, ఒక చిన్న రేడియో, నాణెం ఆకారపు లిథియం బ్యాటరీ ఉంటాయి. గాలి ఒత్తిడి లోపలికి తెలియడానికి డబ్బా మీద సూది బెజ్జం లాంటి రంధ్రం ఉంటుంది. చక్రం తిరిగేటప్పుడు సెన్సార్ సుమారు నిమిషానికోసారి తన సంగతి కారుకు పంపుతుంది. కారు ఆగితే నిద్రపోతుంది. ప్రతి సెన్సార్‌కూ, సాధారణంగా ఎనిమిది అక్షరాంకెల, సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. కారు కంప్యూటర్ ఆ నాలుగు సంఖ్యలనే నమ్ముతుంది. పక్క లేనులో పోతున్న కారు టైరు సమాచారం మీ తెర మీద కనిపించకపోవడానికి కారణం ఈ సంఖ్యే.

బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. తిరుగుడు ఎక్కువైతే ముందే అయిపోతుంది. దాన్ని జిగురు లాంటి రెసిన్‌లో ముంచి మూసేస్తారు కాబట్టి విడిగా మార్చడానికి కుదరదు. డబ్బా కోసి, వేరే బ్యాటరీ అతికించి, మళ్లీ మూసే ప్రయోగాలు చేయకండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం లోపలి ఆ చిన్న డబ్బా మీద పడే అపకేంద్ర బలం చాలా పెద్దది. చేతి అతుకు దానికి ఆగదు.

ఒకటి పోతే నాలుగూ మార్చాలా? కారణాన్ని బట్టి తేల్చాలి. మూడేళ్ల కారులో వాల్వు విరిగి ఒకటి పోతే ఆ ఒక్కటే మార్చండి. ఎనిమిదేళ్ల కారులో బ్యాటరీ అయిపోయి ఒకటి పోతే మిగతా మూడూ అదే దారిలో ఉన్నట్టే. అప్పుడు కొత్త టైర్లు వేయించే రోజు దాకా ఆగి నాలుగూ ఒకేసారి మార్చడం మేలు. టైరు విప్పే కూలి, బ్యాలెన్సింగ్ ఖర్చు ఒక్కసారితో పోతాయి.

కావలసిన సామాను

జాకీ, స్టాండ్లు, వీల్ స్పానర్ ఎలాగూ ఉండాలి. వాల్వు పిన్ను తిప్పే చిన్న పనిముట్టు, ఆరు కోణాల నక్షత్రపు తల ఉన్న టీ-10 బిట్టు, చిన్న బిగువులను కొలవగల టార్క్ రెంచి, సబ్బు నీళ్ల స్ప్రే సీసా కావాలి. ప్రతి చక్రానికీ ఒక కొత్త వాల్వు సర్వీసు కిట్టు కొనండి. సెన్సార్లను నిద్రలేపి చదివే చేతి పరికరం కూడా కావాలి. ఆటెల్, బార్టెక్ వంటి కంపెనీలు వీటిని తయారు చేస్తాయి. ఒక్క కారు కోసం ఈ పరికరం కొనడం దండగ. నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కుంటే ఉపయోగపడుతుంది. లేకపోతే అది ఉన్న టైరు షాపును వెతకండి.

రిమ్ము నుంచి టైరు విడదీసే పని మాత్రం ఇంట్లో చేయవద్దు. సుత్తి, ఇనుప పట్టీలతో విప్పితే సెన్సార్ మిగలదు, అల్లాయ్ రిమ్ము కూడా దెబ్బతింటుంది. ఆ పని యంత్రం ఉన్న షాపులోనే, మీరు పక్కన నిలబడి చేయించాలి.

మొదటి పని: చదవండి, రాసుకోండి

ఒక్క నట్టు కూడా తిప్పకముందే నాలుగు సెన్సార్లనూ చదవాలి. పరికరాన్ని టైరు పక్క గోడకు, వాల్వుకు దగ్గరగా ఆనించి బటన్ నొక్కితే 125 కిలోహెర్ట్జ్ సంకేతం వెళ్లి సెన్సార్‌ను లేపుతుంది. అది తన సంఖ్య, ఒత్తిడి, ఉష్ణోగ్రత, చాలా రకాల్లో బ్యాటరీ స్థితి కూడా చెబుతుంది. ముందు ఎడమ, ముందు కుడి, వెనుక కుడి, వెనుక ఎడమ అని వరుసగా కాగితం మీద రాసుకోండి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. విప్పకముందు పనిచేసినది ఏదో, చేయనిది ఏదో షాపు వాళ్ల ముందే తేలిపోతుంది. తర్వాత మాటా మాటా అనుకునే అవసరం రాదు.

ఒక సెన్సార్ పలకకపోతే వెంటనే అది పోయిందని తీర్పు ఇవ్వకండి. పరికరాన్ని కాస్త అటూ ఇటూ జరిపి చూడండి. కారును అర మీటరు ముందుకు జరపండి. టైరులోంచి కొంచెం గాలి వదలండి, ఒత్తిడి మారగానే మేల్కొనే సెన్సార్లు ఉన్నాయి. అప్పటికీ పలకకపోతే పరికరాన్ని కారు కంప్యూటర్‌తో మాట్లాడించే ఓబీడీ సాకెట్టుకు కలిపి, కంప్యూటర్‌లో దాచి ఉన్న నాలుగు సంఖ్యలను చదవండి. చాలా కార్లలో ఇది కుదురుతుంది. మూడు సెన్సార్లు తమ సంఖ్యలు చెప్పాయి కదా, కంప్యూటర్ జాబితాలో మిగిలిన నాలుగోది పలకని సెన్సార్‌దే. ఆ సంఖ్య దొరికితే తర్వాత పని ఎంత సులువవుతుందో ముందుముందు చూస్తారు.

రెండో పని: చక్రం దించడం, టైరు తెరవడం

చక్రం దించడం తెలిసినదే. సమతలంలో ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఎదురు చక్రానికి అడ్డు పెట్టి, నట్లు నేల మీదుండగానే వదులుచేసి, జాకీ ఎత్తి, స్టాండు పెట్టండి. సుద్దముక్కతో చక్రం మీద దాని స్థానం రాయండి. టైరు మీద వాల్వుకు ఎదురుగా ఒక గీత గీయండి.

మూత తీసి, వాల్వు పిన్ను విప్పి, గాలి పూర్తిగా పోనివ్వండి. ముఖం దూరంగా పెట్టండి. పిన్ను తిరగకపోతే నాలాగా పటకారు దాకా వెళ్లనివ్వకండి. పిన్ను మధ్యలోని పుల్లను నొక్కి పట్టి గాలి తీసేయవచ్చు. ఎలాగూ ఆ వాల్వు మార్చాల్సిందే కాబట్టి తొందరలేదు.

లోహపు వాల్వు అయితే నట్టు విప్పి సెన్సార్‌ను మెల్లగా లోపలికి వదిలేసి, టైరు అంచు విడగొట్టాక చేత్తో తీసుకునే పద్ధతి ఒకటుంది. నాకు ఇదే ఇష్టం. యంత్రం దాని మీద పడే అవకాశం తగ్గుతుంది. రబ్బరు వాల్వుకు ఇది కుదరదు.

చాలా సెన్సార్లు పోయేది ఇక్కడే. టైరు అంచును రిమ్ము నుంచి నొక్కి విడదీసే వెడల్పాటి పలక వాల్వు దగ్గరకు రాకూడదు. వాల్వుకు సరిగ్గా ఎదురు వైపున మొదలుపెట్టాలి. చక్రాన్ని తిప్పినా వాల్వుకు రెండు వైపులా పావు వంతు మేర పలకను పెట్టకూడదు. రెండో పక్క నొక్కేటప్పుడూ అదే జాగ్రత్త. పని మొదలుకాకముందే చెప్పాలి. “అన్నా, లోపల సెన్సార్ ఉంది. వాల్వు దగ్గర నొక్కకండి” అన్న ఒక్క మాటకు ఏ టైరు షాపులోనూ ఎవరూ నొచ్చుకోవడం నేను చూడలేదు. చాలామంది “మంచిది సార్, ముందే చెప్పారు” అంటారు. విరిగాక ఇద్దరికీ బాధే.

మూడో పని: వాల్వు సర్వీసు

సెన్సార్ మంచిగా ఉన్నా సరే, టైరు తెరిచిన ప్రతిసారీ ఈ పని చేయాలి. కొత్త టైరుకు కొత్త వాల్వు అన్నది ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చినప్పటి నుంచి ఉన్న అలవాటే. సెన్సార్ ఉందని చెప్పి ఆ అలవాటు మానేస్తున్నారు.

లోహపు వాల్వు సర్వీసు కిట్టులో అయిదు వస్తువులుంటాయి: మూత, పిన్ను, నట్టు, వాషర్, రబ్బరు సీలు. రబ్బరు సీలు ఒకసారి నట్టు కింద నలిగాక ఆ ఆకారానికే గట్టిపడిపోతుంది. పాతదాన్నే తీసి మళ్లీ పెడితే అది రంధ్రం అంచుకు సరిగ్గా అతకదు. ఆ రోజు గాలి కారదు. రెండు నెలలకు కారుతుంది, ఎక్కడి నుంచో అంతుపట్టదు.

పిన్ను విషయంలో రంగు చూడండి. అల్యూమినియం వాల్వులో నికెల్ పూత ఉన్న, వెండిలా తెల్లగా కనిపించే పిన్నే వేయాలి. పచ్చటి ఇత్తడి పిన్ను రబ్బరు వాల్వుకు సరిపోతుంది, అల్యూమినియానికి పనికిరాదు. రెండు వేర్వేరు లోహాల మధ్య తేమ చేరితే చిన్న బ్యాటరీలా విద్యుత్ చర్య మొదలై అల్యూమినియం కరిగిపోతుంది. నా వాల్వులో తెల్లపొడిగా కనిపించింది అదే. విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు వంటి చోట్ల ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మూతకూ ఇదే సూత్రం. అందానికి పెట్టుకునే రంగురంగుల లోహపు మూతలు అల్యూమినియం మరలకు పట్టేసి, మూత తిప్పితే వాల్వే విరిగేలా చేస్తాయి. లోపల రబ్బరు సీలున్న ప్లాస్టిక్ మూతే మంచిది. మూత లేకుండా తిరగడం అంతకంటే చెడ్డది, దుమ్మూ నీళ్లూ నేరుగా పిన్ను మీదకు చేరతాయి.

సీలు పెట్టే ముందు రిమ్ము రంధ్రాన్ని లోపలా బయటా చూడండి. పొట్టు, తుప్పు ఉంటే నైలాన్ పీచుతో తుడవండి. ఉప్పుకాగితంతో గీకితే గీతల్లోంచి గాలి కారుతుంది. సెన్సార్‌ను పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆ సూది బెజ్జంలోకి కంప్రెసర్ గాలి కొట్టకండి, గుండుసూది పెట్టకండి, పెట్రోలు లాంటివి తగలనివ్వకండి.

ఇక బిగింపు. సీలు తొడిగిన వాల్వును లోపలి నుంచి రంధ్రంలోకి దూర్చి, బయట వాషర్, నట్టు చేత్తో ఎక్కించండి. డబ్బా రిమ్ము వంపును ఆనుకుని హాయిగా కూర్చోవాలి, పైకి లేవకూడదు, నొక్కుకుపోకూడదు. డబ్బాను వేలితో కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి. ఎంత బిగువో కిట్టు మీద రాసి ఉంటుంది. రకాన్ని బట్టి సాధారణంగా 4 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఇది చాలా తక్కువ బిగువు. చక్రం నట్లు బిగించిన చేతికి ఇది బిగించినట్టే అనిపించదు. అందుకే టార్క్ రెంచి కావాలన్నాను. ఒకసారి బిగించాక, కొన్ని రోజులు తిరిగి వచ్చి “ఇంకాస్త” అని మళ్లీ తిప్పకండి. సీలు అప్పటికే తన ఆకారం తీసుకుని ఉంటుంది. పిన్నుకైతే 0.25 నుంచి 0.5 న్యూటన్ మీటర్లు చాలు.

రబ్బరు వాల్వు రకంలో మొత్తం వాల్వునే మార్చాలి. సెన్సార్‌ను పట్టి ఉంచే టీ-10 స్క్రూ విప్పి, పాత వాల్వు పారేసి, ఆ సెన్సార్ కోసమే చేసిన కొత్త రబ్బరు వాల్వు బిగించండి. స్క్రూ బిగువు 1.4 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, కిట్టు మీద సరిచూసుకోండి. మామూలు ట్యూబ్‌లెస్ వాల్వు చూడటానికి ఇలాగే ఉన్నా ఆ బరువు మోయడానికి చేసింది కాదు. రిమ్ములోకి లాగేటప్పుడు సబ్బు నీళ్లు రాసి, వాల్వు లాగే పనిముట్టుతో నిటారుగా లాగాలి. పక్కకు వంచి లాగితే సెన్సార్ మెడ దగ్గర చిట్లుతుంది.

నాలుగో పని: కొత్త సెన్సార్ ఎంచుకోవడం

కారు కంపెనీ సెన్సార్ కొంటే పార్టు నంబరు కలిస్తే చాలు. ధర ఎక్కువ, చిక్కు తక్కువ. రెండో దారి, ఏ కారుకైనా పనికొచ్చేలా పరికరంతో ప్రోగ్రాం చేసుకునే సెన్సార్. ఆటెల్ ఎంఎక్స్, ష్రేడర్ ఈజెడ్ ఈ రకంవి. ఇందులో కారు పేరు, తయారైన సంవత్సరం ఎంచుకుని రెండు విధాలుగా రాయవచ్చు. కొత్త సంఖ్య ఇస్తే ఆ సంఖ్యను కారుకు నేర్పాలి. పాత సెన్సార్ సంఖ్యనే దించితే కారుకు ఏదీ మారినట్టే తెలియదు, నేర్పే పనే ఉండదు. మొదట్లో సంఖ్యలు రాసుకోమన్నది ఇందుకే. నేనైతే అవకాశం ఉన్నంతవరకు పాత సంఖ్యే దించుతాను.

తరంగ పౌనఃపున్యం తప్పకుండా చూడండి. మన దేశంలోనూ ఐరోపాలోనూ అమ్మే కార్లలో సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ సెన్సార్లుంటాయి. ఉత్తర అమెరికాలో 315 మెగాహెర్ట్జ్‌వి విరివిగా ఉన్నాయి. అమెరికాలో చవకగా దొరుకుతున్నాయని బంధువుల చేత తెప్పించుకున్న సెన్సార్ ఇక్కడి కారులో మూగగా ఉండిపోతే కారణం ఇదే కావచ్చు. పార్టు నంబరు ఒక్కటి సరిచూశాకే సూట్‌కేసులో పెట్టమనండి.

బిగించకముందే బల్ల మీద పెట్టి పరికరంతో ఒకసారి చదవండి. కొత్తవి పెట్టెలో గాఢనిద్రలో ఉంటాయి, పరికరంతో లేపితేనో, టైరులో గాలి ఎక్కితేనో మేల్కొంటాయి. చదివేటప్పుడు మిగతా సెన్సార్లను దూరంగా పెట్టండి, లేకపోతే ఒకదాన్ని అడిగితే ఇంకొకటి పలుకుతుంది.

అయిదో పని: టైరు ఎక్కించడం, గాలి, బ్యాలెన్సింగ్

టైరు ఎక్కించేటప్పుడు చివరి భాగం రిమ్ము దాటడానికి, దానికి ఎదురు వైపు అంచు రిమ్ము మధ్యలోని లోతు గాడిలోకి దిగాలి. సెన్సార్ కూర్చునేది ఆ గాడి పక్కనే. అంటే సెన్సార్ ఉన్న చోట అంచు గాడిలోకి దిగితే దాన్ని నలిపేస్తుంది. యంత్రం నడిపే వ్యక్తి వాల్వు స్థానాన్ని ముందే సరిచేసుకుని, బిగుతైన భాగం సెన్సార్ మీదుగా జారకుండా చూసుకోవాలి. టైరు అంచుకు రాసే సబ్బు పేస్టు సెన్సార్ బెజ్జంలోకి పోకూడదు.

అంచులు టప్పుమని కూర్చునేదాకా గాలి పట్టండి. అందుకు 40 పీఎస్ఐ దాటకండి. ఆ లోపు కూర్చోకపోతే గాలి తీసి, మళ్లీ సబ్బు రాసి ప్రయత్నించాలి. తర్వాత డ్రైవరు తలుపు పక్కన పట్టీ మీద ఉన్న అంకెకు సరిచేసి, వాల్వు మొదట్లో, పిన్ను మూతి మీద, టైరు అంచుల చుట్టూ సబ్బు నీళ్లు కొట్టండి. ఒక్క నిమిషం కదలకుండా చూడండి. పెద్ద లీకు వెంటనే బుడగ వేస్తుంది, చిన్నది నురగలా మెల్లగా చేరుతుంది. ఆ చిన్నదే రెండు వారాల తర్వాత దీపం వెలిగించేది.

సెన్సార్ మార్చితే బరువు మారుతుంది కాబట్టి వీల్ బ్యాలెన్సింగ్ తప్పనిసరి. చక్రం బిగించేటప్పుడు నట్లు ఎదురెదురుగా, కారు పుస్తకంలో చెప్పిన బిగువుకు బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత మరోసారి చూడండి.

ఆరో పని: కారుకు నేర్పడం

ఇది మూడు రకాలు. కొన్ని కార్లు వాటంతట అవే నేర్చుకుంటాయి. గంటకు 25 కిలోమీటర్లకు పైన పది నుంచి ముప్పై నిమిషాలు నడిపితే కొత్త సంఖ్యలను పట్టుకుంటాయి. ట్రాఫిక్‌లో ఆగుతూ పోతే ఇది కుదరదు, ఖాళీ రోడ్డు మీదకు తీసుకెళ్లండి. రెండో రకంలో కారును నేర్చుకునే స్థితిలో పెట్టి, ముందు ఎడమ చక్రం నుంచి వరుసగా పరికరంతో ఒక్కో సెన్సార్‌ను లేపాలి. ఒక్కోటి నమోదవగానే కొన్ని కార్లు హారను మోగిస్తాయి. మూడో రకంలో పరికరం చదివిన నాలుగు సంఖ్యలను ఓబీడీ సాకెట్టు ద్వారా కంప్యూటర్‌లో రాస్తారు. మీ కారుది ఏ రకమో పుస్తకంలోనూ, పరికరం తెర మీదా ఉంటుంది.

నేర్పిన వెంటనే దీపం ఆరకపోతే కంగారు పడకండి. ఇరవై నిమిషాలు నడిపి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. చక్రాలు ముందుకూ వెనక్కూ మార్పిడి చేసినప్పుడు కొన్ని కార్లు స్థానాలను కనిపెట్టలేవు. తెర మీద ముందు చక్రమని చూపించేది నిజానికి వెనుకది కావచ్చు. ఒక చక్రంలో రెండు పీఎస్ఐ తగ్గించి, తెర మీద ఏ అంకె మారుతుందో చూస్తే తెలిసిపోతుంది.

మరికొన్ని చిక్కులు

పంచర్ ద్రవాలు సెన్సార్ బెజ్జాన్ని మూసేయగలవు. రాత్రివేళ దారిలో వేరే గతి లేక వాడితే తప్పు లేదు, కానీ తర్వాత టైరు విప్పించి లోపలంతా తుడిపించాలి. చిన్న మేకు గుచ్చుకున్నప్పుడు బయటి నుంచే రబ్బరు పట్టీ దూర్చితే టైరు విప్పే అవసరమే రాదు. అలాగే చేయమని ముందే చెప్పండి.

స్టెప్నీలో చాలా కార్లకు సెన్సార్ ఉండదు. అది వేసుకున్నంతకాలం దీపం మినుకుతుంది, అసలు చక్రం తిరిగొచ్చాక కాసేపటికి ఆరుతుంది. దాని కోసం సెన్సార్ కొననక్కర్లేదు. స్టెప్నీలో గాలి మాత్రం ఎవరూ చెప్పరు, మీరే చూసుకోవాలి.

కెనడాలో, అమెరికా ఉత్తరాన ఉండే మనవాళ్లు చలికాలానికి వేరే చక్రాలు వేసుకుంటారు. రెండో జతలోనూ పాత సంఖ్యలనే దించిన సెన్సార్లు పెట్టించుకుంటే ఏటా రెండుసార్లు నేర్పే ఖర్చు తప్పుతుంది. అయితే రెండు జతలూ ఒకేచోట ఉంటే ఒకే సంఖ్యతో రెండు పలుకుతాయి కాబట్టి, తీసిన జతను కారుకు దూరంగా దాచాలి.

వాల్వు మూతలా తిప్పి బిగించే బయటి సెన్సార్లు, అసలు ఈ వ్యవస్థే లేని పాత కార్లకు పనికొస్తాయి. కానీ అవి పిన్నును ఎప్పుడూ నొక్కి ఉంచుతాయి. వాటి సీలు పాడైతే టైరు గాలే పోతుంది. పాతబడిన రబ్బరు వాల్వు మీద ఆ బరువు పెట్టకండి, ముందు వాల్వు మార్పించండి.

తీసేసిన పాత సెన్సార్‌లో లిథియం బ్యాటరీ ఇంకా ఉంటుంది. చెత్తబుట్టలోనో మంటలోనో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. కొత్త సంఖ్యలు, బిగించిన తేదీ, సెన్సార్ పార్టు నంబరు ఒక కాగితం మీద రాసి కారు పుస్తకం మధ్యలో పెట్టండి. ఈసారి దీపం వెలిగినప్పుడు పరికరం పట్టుకున్న మనిషికి ముందుగా చూపించాల్సింది ఆ కాగితమే.